చుక్క మింగిన వాక్యం

మా కంప్యూటర్ ల్యాబు గోడ మీద గత డిసెంబరు నుంచి ఒక తెలుగు కాగితం అంటించి ఉంది. డిసెంబరు 11 భారతీయ భాషా దివసం. ఆ రోజుకి ఒక్కో భాష పిల్లలూ తమ భాషలో ఏదైనా రాసి ప్రదర్శించాలన్నారు. రాయపూర్‌లో మా దగ్గర చదివే తెలుగు పిల్లల్లో ఎక్కువమంది రైల్వే కుటుంబాలవాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, తరగతిలో హిందీ, ఇంగ్లీషు. సూక్తులూ పద్యాలూ ప్రతి ఏడూ రాస్తూనే ఉన్నాం కదా, ఈసారి చదివినవాళ్లకు పనికొచ్చేది రాద్దామనుకున్నాం. పదకొండో తరగతి పిల్లలు ల్యాబు కోసం ఒక చిన్న ప్రోగ్రాము చేసి ఉన్నారు. దాని పేరు ‘ఊడ్పు’. నెల దాటిన ఫైళ్లను వెతికి చెరిపేయడం దాని పని. దానికి తెలుగులో ఒక మాన్యువల్ పేజీ రాసి, అచ్చు తీసి, గోడకు అంటించాం.

పది రోజుల తర్వాత పన్నెండో తరగతి పిల్లవాడొకడు ప్రాక్టికల్ పరీక్షకని దాచుకున్న ప్రాజెక్టు పోయిందంటూ వచ్చాడు. ‘ఊడ్పు’ ఊడ్చేసింది. ఇలా జరగకూడదనే ప్రోగ్రాములో ఒక రక్ష పెట్టాం. ఏ ఫోల్డరులో ‘.కీప్’ అనే పేరుతో, అంటే ముందు ఒక చుక్క, తర్వాత కీప్ అనే ఇంగ్లీషు మాటతో, ఒక ఖాళీ ఫైలు ఉంటుందో ఆ ఫోల్డరు జోలికి ఇది పోదు. ఆ సంగతి మాన్యువల్‌లో రాశాం కూడా. “చదవలేదా నాయనా?” అని అడిగాం. “చదివాను మేడమ్, అందులో అది లేదు” అన్నాడు. తీసుకెళ్లి గోడ దగ్గర నిలబెట్టి చూపించబోతే నిజంగానే లేదు. కంప్యూటర్ తెరిచి మేము రాసిన మూలం చూస్తే అందులో ఉంది. రాసిన వాక్యం అచ్చుకొచ్చేసరికి మాయమైంది. పైగా అది పోయినట్టు అనుమానం కూడా రాకుండా, ముందు వాక్యమూ తర్వాతి వాక్యమూ చక్కగా అతుక్కుని ఉన్నాయి.

ఆ పిల్లవాడు రెండు సాయంత్రాలు కూర్చుని మళ్లీ టైపు చేసుకున్నాడు. మేము ఆ వాక్యం ఎక్కడికి పోయిందో వెతకడం మొదలుపెట్టాం. అలా వెతుకుతూ నేర్చుకున్నదే ఈ వ్యాసం.

మాన్యువల్ పేజీ అంటే ఏమిటో ముందు చెప్పాలి. యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లలో నల్ల తెర తెరిచి ‘మ్యాన్’ అని కొట్టి, పక్కన ఏదైనా ఆదేశం పేరు రాస్తే, ఆ ఆదేశం ఏం చేస్తుందో, ఎలా వాడాలో చెప్పే పేజీ వస్తుంది. దీనికి ఇంటర్నెట్టు అక్కర్లేదు, కంప్యూటరు లోపలే ఉంటుంది. మొదటి యూనిక్స్ ప్రోగ్రామర్స్ మాన్యువల్ మీద 1971 నవంబరు 3 తేదీ ఉంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దాన్ని తయారుచేశారు. పేజీకి ఒక కట్టుబాటు ఆనాడే ఏర్పడింది: పేరు, వాడే తీరు, వివరణ, సంబంధించిన ఇతర పేజీలు. వీటితోపాటు ‘లోపాలు’ అనే శీర్షిక. తమ వస్తువులో ఏ లోపం ఉందో తామే అచ్చువేసి చెప్పుకోవడం మాకు బాగా నచ్చింది. మిక్సీతో వచ్చే పుస్తకంలో అలాంటి శీర్షిక మీరెప్పుడైనా చూశారా?

ఈ పేజీలను వర్డ్‌లో లాగా కంటికి కనిపించిన ఆకారంలో రాయరు. మామూలు అక్షరాలతో మూలం రాసి, మధ్యమధ్య ‘ఇది శీర్షిక’, ‘ఇక్కడ కొత్త పేరా’ అంటూ యంత్రానికి సైగలు పెడతారు. ఒక ప్రోగ్రాము ఆ సైగలు చదివి పేజీని దిద్దితీరుస్తుంది. ఈ పద్ధతి యూనిక్స్ కంటే పాతది. 1964లో ఎం.ఐ.టి.లో జెరోమ్ సాల్ట్‌జర్ రాసిన ‘రనాఫ్’ దీనికి తాత. దాన్నుంచి బెల్ ల్యాబ్స్‌లో ‘రాఫ్’ వచ్చింది. 1973 ప్రాంతంలో అచ్చుయంత్రం కోసం జో ఒసానా ‘టీరాఫ్’ రాశాడు. 1990లో జేమ్స్ క్లార్క్ రాసిన ‘జీరాఫ్’ ఇవాళ చాలా లినక్స్ యంత్రాల్లో పనిచేస్తున్నది. (జిరాఫీతో దీనికేమీ చుట్టరికం లేదు. అయినా పిల్లలు ఫైలు మీద ఆ బొమ్మే వేశారు.)

సైగలు ఎలా ఉంటాయంటే, వరుస మొదట్లో ఒక చుక్క, దాని వెంట ఒకటి రెండు ఇంగ్లీషు అక్షరాలు. చుక్క పెట్టి ఎస్, హెచ్ అంటే శీర్షిక. చుక్క పెట్టి పి, పి అంటే కొత్త పేరా. చుక్క పెట్టి బి అంటే ముద్దక్షరాలు. వరుస చుక్కతో మొదలైతే అది పాఠకుడికి చెప్పే మాట కాదు, యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ అని ఒప్పందం. వరుస మొదట్లో ఇంగ్లీషు ఒంటి కోట్ గుర్తు ఉన్నా అంతే.

ఇప్పుడు మా వాక్యం సంగతి చూడండి. “ఏ ఫోల్డరులోనైతే” అని రాసేసరికి వరుస నిండింది. తర్వాతి మాట ‘.కీప్’. అది కొత్త వరుసలో మొదటి మాటైంది. యంత్రం చుక్క చూసి, ఇది ఆజ్ఞ అనుకుంది. ‘కీప్’ అనే ఆజ్ఞ తనకు తెలియదు. తెలియని ఆజ్ఞ వస్తే జీరాఫ్ మామూలుగా నోరెత్తదు, ఆ వరుస మొత్తాన్ని వదిలేసి ముందుకు పోతుంది. “అనే ఫైలు ఉంటుందో దాన్ని ముట్టదు” అన్న మాటలు కూడా అదే వరుసలో ఉన్నాయి గనుక చుక్కతోపాటు అవీ పోయాయి. మిగిలిన “ఏ ఫోల్డరులోనైతే” అనే ముక్కను, అచ్చు చూసిన తొందరలో, ఎవరో అసంపూర్తిగా రాసి వదిలేసిన మాటనుకుని మేమే కొట్టేసి మళ్లీ అచ్చు తీశాం. యంత్రం సగం మింగితే మిగతా సగం మేము మింగాం. మాయమైన మూలానికి వెళ్లి చూడకుండా అచ్చును దిద్దడం ఎంత తప్పో అక్కడ తెలిసింది.

దీనికి మందు చిన్నదే. వరుస మొదట్లో చుక్కకు ముందు \& అని రాయాలి. ఇది వెడల్పు లేని గుర్తు. అచ్చులో కనిపించదు, చోటు తీసుకోదు. కానీ అది ముందుండటం వల్ల చుక్క వరుసకు మొదటి అక్షరం కాకుండా పోతుంది. యంత్రం దాన్ని మామూలు చుక్కగానే అచ్చు వేస్తుంది.

తెలుగు చదివేవాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు, పేరు తెలియకపోయినా రోజూ చూస్తున్నదే. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట చూడండి. కంప్యూటర్‌లో అక్షరాలు ఒకదాని వెంట ఒకటి కొడుతూ పోతే ‘సాఫ్ట్వేర్’ అని వస్తుంది, టకారం కింద వకారం ఒత్తుగా చేరిపోతుంది. తెలుగు లిపికి తెలిసిన సంయుక్తాక్షర నియమం ప్రకారం యంత్రం చేసింది తప్పు కాదు. కానీ మనకు అక్కడ పొల్లు కావాలి. అందుకని పొల్లుకూ వకారానికీ మధ్య వెడల్పు లేని ఒక గుర్తు పెడతాం. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. కంటికి కనబడదు. అది ఉంటే ఒక రూపం, లేకపోతే మరో రూపం. జీరాఫ్‌లో \& చేసే పని సరిగ్గా ఇలాంటిదే: యంత్రం తన నియమాన్ని అక్కడ అన్వయించకుండా అడ్డు నిలబడటం. తొమ్మిదో తరగతి పిల్లలకు సంధి చెప్పేటప్పుడు ‘ఇక్కడ సంధి లేదు, యడాగమం’ అంటామే, అలాంటి అడ్డు.

ఇక, ఇలాంటి తప్పులను కంటితో వెతకడం వృథా శ్రమ. లేని వాక్యం కంటికి ఎలా కనిపిస్తుంది? అందుకు యంత్రాన్నే అడగాలి. మ్యాన్ ఆదేశానికే ‘వార్నింగ్స్’ అనే ఐచ్ఛికం ఉంది. దాన్ని పెట్టి పేజీ తెరిస్తే, ఇంతకుముందు నోరుమూసుకున్న జీరాఫ్ ఇప్పుడు పెదవి విప్పుతుంది: ఫలానా వరుసలో ‘కీప్’ అనే ఆజ్ఞ నిర్వచించి లేదు అని. ఒక్క క్షణం పని. ఆ క్షణం డిసెంబరులో మేము వెచ్చించలేదు.

మరో సాధనం ‘మండాక్’. ఇది 2008లో క్రిస్టాప్స్ జోన్సన్స్ మొదలుపెట్టగా, ఇంగో ష్వార్జ్ పెంచి పోషిస్తున్న ప్రోగ్రాము. ఓపెన్ బి.ఎస్.డి. అనే వ్యవస్థలో మాన్యువళ్లన్నీ దీనితోనే చూపిస్తారు. దానికి ‘లింట్’ అని చెప్తే పేజీ చూపించడం మానేసి తప్పులు ఏకరువు పెడుతుంది. లింట్ అంటే బట్టకు అంటుకునే నూగు. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ సి భాషలో రాసిన ప్రోగ్రాములకు పట్టిన నూగు ఏరడానికి ఒక సాధనం చేసి ఆ పేరు పెట్టాడు. అప్పటినుంచి ఏరివేత సాధనాలన్నిటికీ ఆ పేరే తగులుకుంది. డెబియన్ లినక్స్ వాళ్ల సాధనం పేరు ‘లింటియన్’. డెబియన్‌లో చేరే ప్రతి ప్రోగ్రాముకూ మాన్యువల్ పేజీ ఉండాలని వాళ్ల నియమావళి చెబుతుంది. లేకపోతే దాన్నీ లోపం కిందే జమకడతారు.

మా తెలుగు పేజీని మండాక్ లింట్‌కు ఇచ్చాం. తెర నిండిపోయింది. పిల్లలు బెంబేలెత్తారు. తీరా చూస్తే అందులో చాలా భాగం ఒకటే ఫిర్యాదు: వరుస 80 బైట్లు దాటింది. మా వరుసలు చూడబోతే పొట్టిపొట్టివే! అసలు కిటుకు ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరం కంప్యూటర్‌లో ఒక బైటు. తెలుగులో ఒక్కో సంకేతం యు.టి.ఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు. ‘స్త్రీ’ అన్నది మనకు ఒక్క అక్షరం. యంత్రానికి అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం 6 సంకేతాలు, 18 బైట్లు. 80 బైట్ల వరుసలో 26 సంకేతాలు పడతాయంతే. నాలుగైదు మాటలు రాసేసరికి హద్దు దాటుతుంది. కాబట్టి ఆ ఫిర్యాదు మా విషయంలో తప్పు కాదు, మాకు వర్తించేదీ కాదు. పట్టించుకోనక్కర్లేదని నిర్ణయించాం. ఆ ఫిర్యాదులన్నీ పక్కకు తీస్తే అసలైనవి ఏడెనిమిది మిగిలాయి.

ఈ తేడా పిల్లలకు చెప్పడానికి మాకు పద్యమే దొరికింది. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ గణాలు, పదో అక్షరం యతిస్థానం. గణవిభజన చేస్తే మూడో పాదంలో గురువు ఉండాల్సిన చోట లఘువు పడిందని చెప్పగలం. కానీ పద్యంలో చెప్పిన విషయం నిజమో కాదో గణవిభజన చెప్పదు. లింట్ అలాంటిదే. గణభంగం పడుతుంది, అర్థభంగం పట్టదు. మా మూలంలో ‘నెల దాటిన ఫైళ్లు’ బదులు ‘వారం దాటిన ఫైళ్లు’ అని రాసి ఉన్నా మండాక్ చప్పుడు చేసేది కాదు. ఇక్కడే మరో మాట. కవులు కొందరు తెలిసే నియమం దాటుతారు. యంత్రం చెప్పిందల్లా దిద్దడం కూడా పనికిరాదు.

మిగిలిన ఏడెనిమిదిలో కొన్ని చెప్పుకోదగ్గవి.

మొదటిది పేరు వరుస. మాన్యువల్ పేజీలో ‘పేరు’ శీర్షిక కింద ఒకే వరుస ఉండాలి: ప్రోగ్రాము పేరు, ఒక అడ్డగీత, అది చేసే పని క్లుప్తంగా. ఇది అలంకారం కాదు. ‘అప్రొపో’ అనే ఆదేశం ఉంది, ఏదైనా మాట ఇస్తే దానికి సంబంధించిన పేజీలన్నీ వెతికిపెడుతుంది. ఆ వెతుకులాటకు కావలసిన సూచికను యంత్రం ఈ ఒక్క వరుస చూసే కడుతుంది. అడ్డగీత లేకపోయినా, శీర్షిక గుర్తుపట్టకపోయినా పేజీ సూచికకు ఎక్కదు. గ్రంథాలయంలో పుస్తకం ఉండి రిజిస్టరులో లేకపోవడం లాంటిది. అందుకే మిగతా శీర్షికలన్నీ తెలుగులో పెట్టినా ఈ ఒక్క శీర్షికనూ ఇంగ్లీషులో ‘నేమ్’ అనే ఉంచాం. సూచిక కట్టే ప్రోగ్రాము తనకు తెలిసిన పేర్లే వెతుకుతుంది, ఇది మాత్రం తప్పకుండా తెలుసు. మా వరుసలో అడ్డగీత బదులు రెండు చుక్కలు పెట్టారు పిల్లలు, నోటు పుస్తకంలో పెట్టినట్టు. ‘లెక్స్‌గ్రాగ్’ అనే చిన్న సాధనం ఆ వరుసను చదవలేకపోతున్నానని చెప్పింది. అడ్డగీత పెట్టాక చదివింది.

రెండోది అడ్డగీతే, కానీ వేరే కథ. కీబోర్డు మీద ఉండే చిన్న గీత ఒక్కటే. అచ్చులో మాత్రం ఆ ఒక్కటి రకరకాల పాత్రలు వేస్తుంది: రెండు మాటలు కలిపే హైఫన్, లెక్కల్లో తీసివేత గుర్తు, ఆదేశం పక్కన ఐచ్ఛికానికి ముందు పెట్టే గీత. జీరాఫ్ మొదటినుంచీ అచ్చుపని కోసం పుట్టింది గనుక, ఊరికే గీత రాస్తే దాన్ని హైఫన్ అనుకుంటుంది. \- అని రాస్తేనే ఆదేశాల్లో వాడే గీత. చాలా ఏళ్లు మాన్యువల్ పేజీలకు మాత్రం యూనికోడ్ తెరల మీద రెండూ ఒకేలా వచ్చే ఏర్పాటు ఉండేది. 2023లో వచ్చిన జీరాఫ్ 1.23లో ఆ ఏర్పాటు తీసేశారు. అప్పటినుంచి ఊరికే రాసిన గీత తెర మీద యూనికోడ్ హైఫన్‌గా వస్తుంది. కొన్ని లినక్స్ పంపిణీలు తమ యంత్రాల్లో పాత ఏర్పాటునే నిలుపుకున్నాయి. అందుకే ఒక యంత్రంలో బాగున్న పేజీ మరో యంత్రంలో బాగుండదు.

కంటికి రెండు గీతలూ ఒకటే. యంత్రానికి కాదు. పేజీలోని ఆదేశాన్ని ఎత్తి తెర మీద అతికిస్తే, హైఫన్‌తో మొదలైన మాటను అది ఐచ్ఛికం అనుకోదు, ఏదో ఫైలు పేరు అనుకుంటుంది. ‘ఊడ్పు’కు మైనస్ ఎన్ అనే ఐచ్ఛికం ఉంది. అది పెడితే ఏ ఫైళ్లు చెరిపేస్తుందో పేర్లు చూపిస్తుంది, చెరపదు. ఒక పిల్ల దాన్ని పేజీలోంచి ఎత్తి అతికిస్తే ‘అలాంటి ఫోల్డరు లేదు’ అని ఆగింది. ఆగడం మా అదృష్టం. లేని ఫోల్డరును దాటేసి ఉన్నదాన్ని ఊడ్చే రకం ప్రోగ్రామైతే? చూద్దామనుకున్నవాడికి చెరిగిపోయేది.

అడ్డగీత విషయంలో మాకు పాత అనుభవం ఒకటుంది. బదిలీల మీద తిరిగే ఉద్యోగం కదా, ప్రతి చోటా ల్యాబు గోడ మీద ఒక ‘సూచనలు’ కాగితం చూస్తాం. ఒక ఊళ్లో చూసిన కాగితంలో ఒక ఆదేశం తప్పుంది, ఖాళీ ఉండాల్సిన చోట గీత పడింది. రెండేళ్ల తర్వాత ఇంకో రాష్ట్రంలో ఇంకో గోడ మీద అదే కాగితం, అదే గీత. జిరాక్సు మీద జిరాక్సు తీసుకుంటూ ఎవరో మాకంటే ముందే ఆ తప్పును బదిలీ మీద పంపించారు. ఇన్నాళ్లుగా ఆ కాగితం చూసి ఎంతమంది పిల్లలు ‘నాకు కంప్యూటర్ రాదు’ అనుకుని ఉంటారో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

మూడోది ముద్దక్షరాల వరద. ఒక మాటను ముద్దగా చూపడానికి ముందొక సైగ, ఆపడానికి తర్వాతొక సైగ పెట్టాలి. రెండోది మరిచిపోతే అక్కడినుంచి రాసిందంతా ముద్దగానే పోతుంది. ఇది కంటికే దొరికింది. ఇలాంటి చోట తెలివైన పని ఏమిటంటే, వచ్చిన తప్పుల్లో పైదాన్ని ముందు దిద్ది మళ్లీ యంత్రాన్ని అడగడం. పైన ఒక సైగ మూసేస్తే కింద కనిపించే నాలుగు తప్పులు వాటంతటవే పోతాయి.

నాలుగోది పొడి అక్షరాలది. మూలంలో వరుస చివర చుక్క ఉంటే జీరాఫ్ అది వాక్యం ముగింపు అనుకుని తర్వాత ఖాళీ కాస్త ఎక్కువ వదులుతుంది. మనకు ఇంటిపేర్లూ పొడి అక్షరాలూ ఎక్కువ. వరుస చివర ‘సి.పి.’ వచ్చి, తర్వాతి వరుసలో ‘బ్రౌన్’ వచ్చిందనుకోండి, ఆయన పేరు మధ్య లేని విరామం వస్తుంది. దీనికీ మందు ఆ \& గుర్తే, ఈసారి చుక్క తర్వాత. అసలు వాక్యం ముగిసినప్పుడల్లా కొత్త వరుస మొదలుపెట్టమని బ్రయన్ కర్నిహాన్ 1974లోనే యూనిక్స్ కొత్తవాళ్లకు సలహా ఇచ్చాడు. వాక్యానికో వరుస ఉంటే తర్వాత దిద్దడం తేలిక, ఏం మారిందో చూడటమూ తేలిక. ఆ సలహా పాటించి ఉంటే మా ‘.కీప్’ వరుస మధ్యలో క్షేమంగా ఉండేదేమో.

బ్రౌన్ దొర పేరు ఊరికే రాలేదు. వేమన పద్యాల తాళపత్రాలు ఎన్నో సేకరించి, పండితులను జీతమిచ్చి పెట్టుకుని, ప్రతికీ ప్రతికీ పోల్చి పాఠం నిర్ణయించి 1829లో అచ్చు వేయించాడాయన. లేఖకుడు జారవిడిచిన పాదం ఒక్క ప్రతే చూస్తే దొరకదు, రెండో ప్రతి పక్కన పెట్టినప్పుడే బయటపడుతుంది. మాన్యువల్ పేజీలు దిద్దేవాళ్ల పద్ధతీ అదే. దిద్దకముందు పేజీని ఒకసారి తీర్చి దాచుకోవాలి. దిద్దాక అదే వెడల్పుతో మళ్లీ తీర్చాలి. రెండిటినీ ‘డిఫ్’ అనే ఆదేశానికి ఇస్తే తేడా ఉన్న వరుసలు మాత్రమే చూపిస్తుంది. మనం మార్చాలనుకున్నదే మారిందా, తోడుగా ఇంకేమైనా కదిలిందా అన్నది అక్కడ తెలుస్తుంది. వరుస చివరి అనవసర ఖాళీలు తీసేస్తే ఆ రెండు ప్రతులకూ తేడా ఉండకూడదు. ఉందంటే ఏదో పొరపాటు చేశామన్నమాట. మేము ఒక్కో తప్పును ఒక్కో విడతగా దిద్ది, విడతకోసారి పోల్చి చూశాం. అన్నీ ఒకేసారి దిద్దితే ఏ మార్పు ఏం చేసిందో చెప్పలేం.

తెలుగుకే ప్రత్యేకమైన తప్పు ఇంకొకటి వచ్చింది, పిల్లలు పగలబడి నవ్వారు. మూలం యు.టి.ఎఫ్-8లో ఉందని జీరాఫ్‌కు నేరుగా చెప్పాలి. మ్యాన్ ఆదేశం ద్వారా వెళ్తే అదే చూసుకుంటుంది. మేము ఒకసారి మ్యాన్ లేకుండా తిన్నగా జీరాఫ్‌ను పిలిచాం. తెలుగు పేజీ కాస్తా నెత్తిన వాలుగీత పెట్టుకున్న ఫ్రెంచి ‘ఎ’ అక్షరాలతో నిండిపోయింది. ఒక్కోదాని పక్కన డిగ్రీ గుర్తో, ప్లస్‌మైనస్ గుర్తో. కారణం తెలిశాక అది చక్కని పాఠమైంది. తెలుగు సంకేతాలన్నిటికీ మొదటి బైటు ఒకటే, రెండో బైటు రెండిట్లో ఒకటి. ఆ మూడు బైట్లనూ మూడు విడి అక్షరాలుగా చదివితే ప్రతి తెలుగు సంకేతమూ అదే టోపీ ‘ఎ’తో మొదలవుతుంది. ఎప్పుడైనా బిల్లు మీదో ఈ-మెయిల్‌లోనో ఆ టోపీల గుంపు కనిపిస్తే అది పాడైన ఫైలు కాదని, తెలుగునో మరో భారతీయ భాషనో తప్పు పద్ధతిలో చదువుతున్నారని ఇక మా పిల్లలు చెప్పగలరు.

దిద్దడం అయ్యాక పేజీని నల్ల తెర మీద కాక, మండాక్‌తో వెబ్ పుటగా మార్చి బ్రౌజరులో తెరిచి అచ్చు తీశాం. ఒత్తులూ గుణింతాలూ అక్కడ కుదురుగా కూర్చుంటాయి. నల్ల తెర ప్రతి అక్షరాన్నీ ఒకే వెడల్పు గడిలో పెట్టాలని చూస్తుంది. ‘స్త్రీ’కి ఎన్ని గడులో తెరకూ జీరాఫ్‌కూ ఒక మాట కుదరదు. అందువల్ల ఐచ్ఛికాల పట్టికలో కుడివైపు మాటలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. దాన్ని మేము సరిచేయలేకపోయాం.

ఈ పని నేర్చుకున్నాక పిల్లలు ఇతర పేజీల మీద పడ్డారు. లినక్స్ మాన్యువల్ పేజీల ప్రాజెక్టును 2004 నుంచి చాలా ఏళ్లు మైకేల్ కెరిస్క్ నడిపారు, తర్వాత అలెహాంద్రో కొలొమార్ అందుకున్నారు. అందులో ఎవరైనా దిద్దుబాటు పంపవచ్చు, ఒక్క గీత అయినా సరే. దిద్దుబాటు స్వీకరిస్తే పంపినవాళ్ల పేరు మార్పుల చిట్టాలో చేరుతుంది. ఎలా పంపాలో పిల్లలకు చెప్పాం: తప్పు ఏ పేజీలో, ఏ వరుసలో ఉందో, ఏ యంత్రంలో చూశామో, ఇప్పుడు ఎలా కనిపిస్తోందో, ఎలా కనిపించాలో. దాని కింద డిఫ్ ముక్క. ‘మీ పేజీ బాగాలేదు’ అన్న ఉత్తరం ఎవరికీ పనికిరాదు. ఈ నాలుగు సంగతులూ తెలుగులో ముందు రాసుకుని తర్వాత ఇంగ్లీషులోకి మార్చమన్నాం. తెలుగులో సూటిగా చెప్పలేనిది ఇంగ్లీషులోనూ తేలడం లేదని రెండు మూడు చిత్తుప్రతులు చూశాక అర్థమైంది. ఇద్దరు పిల్లలు ఇప్పుడు తమ మొదటి ఉత్తరం చిత్తు మీద ఉన్నారు. ఒక పేజీలో గీతకు ముందు వాలుగీత లేకపోవడం వాళ్ల ఫిర్యాదు. ఇంకా పంపలేదు. ఆ తప్పు కొత్త ప్రతిలోనూ ఉందో లేదో చూసి పంపమన్నాం. నిరుటి ప్రతిలోని తప్పును ఈ ఏడు ఎత్తిచూపితే అవతలివాళ్లకు విసుగే కదా.

గోడ మీద పాత కాగితం తీసేసి కొత్తది అంటించాం. ‘.కీప్’ వాక్యం ఇప్పుడు వివరణలో కాక, దానికంటూ వేరే పేరాలో ఉంది. ప్రాజెక్టు పోగొట్టుకున్న పిల్లవాడే వచ్చి అచ్చునూ మూలాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ఒకరు చూస్తూ, వాక్యం వాక్యం సరిపోల్చాడు. చివర ‘లోపాలు’ అనే శీర్షిక కింద వాళ్లే రెండు వరుసలు రాశారు: నల్ల తెర మీద పట్టిక కుడివైపు వరుస కుదరదు, అచ్చుప్రతి చూడండి, చెరిపేసిన ఫైలును ఈ ప్రోగ్రాము తిరిగి ఇవ్వలేదు.